పీఎల్‌సీ మెమరీ నిండిందా? కోడ్ తగ్గించాలా, డేటా బయటికి పంపాలా, సీపీయూనే మార్చాలా

కమిషనింగ్ (మెషీన్‌ని సైట్‌లో నడిపించి అప్పగించడం) ఆఖరి రోజు కస్టమర్ వచ్చి "సార్, ఇంకొక్క చిన్న రిపోర్ట్ పెట్టేయండి, మిగతాదంతా ఓకే" అంటాడు, మనం సరే అని అరగంటలో రాసేసి పీఎల్‌సీలోకి (మెషీన్లని నడిపే ఇండస్ట్రియల్ కంట్రోలర్) డౌన్‌లోడ్ కొడితే మెమరీ చాలట్లేదని వస్తుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళకి ఇది కొత్తేం కాదు. అప్పుడు తలా ఒక మాట చెప్తారు. ఒకరు మెమరీ కార్డ్ పెట్టు అంటారు, ఇంకొకరు కామెంట్లు పీకెయ్ అంటారు, డీలర్ అయితే వేరే మాటే లేదు, పెద్ద సీపీయూ తీస్కోండి అంటాడు. మూడూ ఎక్కడో ఒక చోట నిజమే, కానీ మీ కేసులో ఏది పనిచేస్తుందన్నది ఏ మెమరీ నిండిందో చూస్తే గానీ తెలీదు, చాలామంది ఆ ఒక్కటే చూడకుండా మందు వేసేస్తారు.

నేనూ ఇలాగే ఒకసారి పప్పులో కాలేశా. ఒక కోల్డ్ స్టోరేజ్ పని, సీపీయూ సీమెన్స్ 1212సీ, ఆరు గదుల టెంపరేచర్‌ని నిమిషానికోసారి చొప్పున ఒక రోజంతా డీబీలో (డేటా బ్లాక్) దాచేలా రాశా. రోజుకి 1440 రీడింగులు, ఒక్కో రియల్ (దశాంశ సంఖ్య) 4 బైట్లు, ఆరు గదులకీ కలిపి 34,560 బైట్లు. ఆ 1212సీ వర్క్ మెమరీ మొత్తమే 75 కేబీ, అందులో సగానికి దగ్గరగా ఒక్క ట్రెండే (ఆ రీడింగుల రికార్డు) తినేసింది. నేనేం చేశానంటే ఆదరాబాదరాగా 24 ఎంబీ కార్డ్ తెప్పించి గుచ్చా, గుచ్చినా మళ్ళీ అదే మెసేజ్. ఎందుకంటే ఆ కార్డ్ పెంచేది లోడ్ మెమరీని, వర్క్ మెమరీని కాదు. వంటగట్టు మీద చోటు లేదని అటక పెద్దది చేయించుకున్నట్టయింది నా పని. చివరికి రియల్ తీసేసి ఇంట్ (2 బైట్ల పూర్ణాంకం) పెట్టి, 4.6 డిగ్రీల్ని 46 అని దాస్తే 17,280 బైట్లకి దిగింది. కార్డ్ డబ్బులు మాత్రం నా జేబులోంచే పోయాయి.

ముందు ఏది నిండిందో చూడండి

ఎస్7-1200లో (1212సీ ఉన్న సీమెన్స్ కుటుంబం ఇదే) మూడు వేరు వేరు చోట్లు ఉంటాయి. లోడ్ మెమరీ అంటే ప్రాజెక్ట్ మొత్తం ఫ్లాష్‌లో పడుకుని ఉండేది, 1211సీలో 1 ఎంబీ, 1214సీలో 4 ఎంబీ, కార్డ్‌తో ఇదే పెరుగుతుంది. వర్క్ మెమరీ అంటే నడుస్తున్న కోడ్, వాడుతున్న డేటా రెండూ పక్కపక్కన కూర్చునే ర్యామ్, ఇది వీ4 హార్డ్‌వేర్ మొదటి వెర్షన్లలో 1211సీకి 50, 1212సీకి 75, 1214సీకి 100, 1215సీకి 125, 1217సీకి 150 కేబీ, దీన్ని ఏ కార్డ్ పెట్టినా పెంచలేం. మూడోది రిటెంటివ్, కరెంటు పోయినా మిగలాల్సిన విలువల కోసం, అవే వెర్షన్లలో 10 కేబీ. ఇవి కాక ఎం బిట్ల (ప్రోగ్రాం గుర్తులు దాచుకునే బిట్లు) ఏరియా విడిగా ఉంటుంది, చిన్న సీపీయూల్లో 4096 బైట్లు, 1214సీ నుంచి పైకి 8192.

టీఐఏ పోర్టల్‌లో (సీమెన్స్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్) ప్రోగ్రామ్ ఇన్ఫో ఓపెన్ చేసి రిసోర్సెస్ ట్యాబ్‌కి వెళ్తే ఏ బ్లాక్ ఎంత తింటోందో మొత్తం కనిపిస్తుంది, ముందు కంపైల్ చేసి చూడండి లేకపోతే అంకెలు సరిగ్గా రావు. సైజు ప్రకారం చూస్తే సాధారణంగా రెండు మూడు బ్లాకులే దొంగలు అని బయటపడుతుంది. నేను చూసినవాటిలో ఎక్కువగా అది డేటా బ్లాకే, కోడ్ కాదు.

మిత్సుబిషి దగ్గర లెక్కే వేరు, అక్కడ కోడ్‌ని స్టెప్పుల్లో కొలుస్తారు, ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ కొన్ని స్టెప్పులు తింటుంది. ఎఫ్‌ఎక్స్3ఎస్‌లో ప్రోగ్రాం 4000 స్టెప్పుల దాకా, ఎఫ్‌ఎక్స్3జీలో 32000, ఎఫ్‌ఎక్స్3యూలో 64000. డేటా రిజిస్టర్లు విడిగా ఉంటాయి కాబట్టి డీ రిజిస్టర్లు ఎన్ని వాడినా స్టెప్పులు తగ్గవు. కానీ ఒక మెలిక ఉంది, పారామీటర్లలో కామెంట్ కెపాసిటీ గానీ ఫైల్ రిజిస్టర్లు గానీ పెట్టారంటే అవి ప్రోగ్రాం మెమరీలోంచే కోసుకుంటాయి. 50 కామెంట్లకి 500 స్టెప్పులు, 500 ఫైల్ రిజిస్టర్లకి 500 స్టెప్పులు. డీ1000 నుంచి డీ7999 దాకా మొత్తం ఫైల్ రిజిస్టర్లుగా పెడితే 7000 స్టెప్పులు గోవిందా. కాబట్టి "కామెంట్లు తీసెయ్" అనే సలహా ఎఫ్‌ఎక్స్3యూలో నిజంగా పనికొస్తుంది, అదే సలహాని ఎస్7-1200కి వాడితే ఒక్క బైటు కూడా వర్క్ మెమరీలో తగ్గదు, ఎందుకంటే కామెంట్లు అసలు అక్కడికి వెళ్ళవు. కామెంట్లన్నీ పీకేసి తర్వాత ఏడ్చినవాళ్ళని చూశా, దయచేసి సీమెన్స్‌లో ఆ పని చేయకండి.

ఎఫ్‌ఎక్స్3యూ వాళ్ళకి ఇంకో మాట, పాత ప్రాజెక్టుల్లో పారామీటర్‌లో కెపాసిటీ 16000 అని పెట్టి వదిలేసి ఉంటారు, డబ్బా లోపల 64000 ఉన్నా సాఫ్ట్‌వేర్ 16000 దగ్గరే ఆపుతుంది. అది మారిస్తే పైసా ఖర్చు లేకుండా సమస్య తీరిపోతుంది. ఎఫ్‌ఎక్స్3జీలో మాత్రం ఆలోచించి మార్చండి, 16000 దాటించి పెడితే ఎక్స్‌టెండెడ్ మోడ్‌లోకి వెళ్ళి బేసిక్ ఇన్‌స్ట్రక్షన్ టైము 0.21 మైక్రోసెకను నుంచి 0.42కి పోతుంది, అంటే సగం స్పీడు. హై స్పీడ్ ప్యాకింగ్ మెషీన్ అయితే అది తేడా చూపిస్తుంది, ఆర్‌ఓ ప్లాంట్ అయితే ఎవరికీ తెలియను కూడా తెలీదు.

కోడ్ తగ్గించడం

ఇది డబ్బు ఖర్చు లేని దారి, టైము ఖర్చయ్యే దారి. ఇరవై మోటార్లు ఉంటే ఒక్క మోటార్‌కి లాడర్ (రిలే సర్క్యూట్‌లా గీసే ప్రోగ్రాం) రాసి పంతొమ్మిది సార్లు కాపీ పేస్ట్ చేసి అడ్రస్‌లు మార్చుకుంటూ పోవడం మనందరికీ అలవాటే. సీమెన్స్‌లో దాన్ని ఒక ఎఫ్‌బీగా (ఫంక్షన్ బ్లాక్) రాసి ఇరవై సార్లు పిలిస్తే లాజిక్ ఒక్కసారే మెమరీలో ఉంటుంది, ప్రతి మోటార్‌కీ దాని చిన్న డేటా (ఇన్‌స్టెన్స్ డీబీ) మాత్రమే పెరుగుతుంది. పిలిచే చోట కూడా కొంచెం కోడ్ పడుతుంది కాబట్టి రెండే రెండు మోటార్ల కోసం ఇంత చేయడం దండగ, నా లెక్కలో నాలుగైదు దాటితేనే లాభం.

టైమర్ల విషయంలో, ప్రతి టాన్ (ఆన్ డిలే టైమర్) పెట్టినప్పుడల్లా టీఐఏ అడిగే డీబీకి ఓకే ఓకే అని కొట్టుకుంటూ పోతే అరవై డీబీలు పుట్టుకొస్తాయి. టైమర్ డేటా 16 బైట్లే, కానీ ప్రతి డీబీకీ దాని తాలూకు అదనపు బరువు ఉంటుంది, అదే ఎఫ్‌బీ లోపల మల్టీ ఇన్‌స్టెన్స్ ఎంచుకుంటే అన్నీ ఒకే డీబీలో సర్దుకుంటాయి. మోడ్‌బస్ ఆర్‌టీయూ (మీటర్ల లాంటివాటితో మాట్లాడే సీరియల్ కమ్యూనికేషన్) వాడేవాళ్ళు ఇంకా జాగ్రత్త, పది ఎనర్జీ మీటర్లకి పది ఎంబీ_మాస్టర్ బ్లాకులు లాగి పదింటికీ పది ఇన్‌స్టెన్స్ డీబీలు ఇచ్చేస్తారు. ఒకే పోర్ట్ మీద ఉన్న ఎంబీ_మాస్టర్ కాల్స్ అన్నీ ఒకే ఇన్‌స్టెన్స్ డీబీ వాడాలి, అది రూలు. అసలు పది కాల్స్ కూడా అక్కర్లేదు, ఒక్క కాల్ పెట్టి స్లేవ్ (మీటర్) అడ్రస్, రిజిస్టర్ అడ్రస్ ఒక అర్రేలోంచి (విలువల వరుస) మార్చుకుంటూ పోతే సరిపోతుంది. మెమరీ మిగులుతుంది, కమ్యూనికేషన్ కూడా కుదురుగా నడుస్తుంది.

మిత్సుబిషిలో చేత్తో లెక్కేసుకోవచ్చు. మూవ్ 5 స్టెప్పులు, డీమూవ్ 9, యాడ్ 7, డీయాడ్ 13, టైమర్ ఔట్ 3. మోటార్‌కి 60 స్టెప్పులు అనుకుంటే ఇరవై మోటార్లకి 1200, ఎఫ్‌ఎక్స్3ఎస్‌లో ఉన్న 4000లో దాదాపు మూడో వంతు. ఫర్-నెక్స్ట్ లూప్ వేసి జెడ్ ఇండెక్స్‌తో (అడ్రస్‌ని జరిపే రిజిస్టర్) తిప్పితే చాలా తగ్గుతుంది, కానీ ఎం0జెడ్0 లాగా కాంటాక్ట్‌కే ఇండెక్స్ పెట్టడం ఎఫ్‌ఎక్స్3యూ కుటుంబంలోనే కుదురుతుంది, ఎఫ్‌ఎక్స్3ఎస్, 3జీల్లో అప్లైడ్ ఇన్‌స్ట్రక్షన్లకే ఇండెక్స్ కుదురుతుంది. వాటిలో అయితే మోటార్ బిట్లని ఒక వర్క్ ఏరియాలోకి మూవ్ చేసి, కాల్‌తో సబ్‌రొటీన్ పిలిచి, మళ్ళీ బయటికి మూవ్ చేసుకోవాలి. లూపులు పెద్దవైతే డీ8000లో ఉన్న 200 మిల్లీసెకన్ల వాచ్‌డాగ్‌ని (ప్రోగ్రాం ఒక చుట్టు, అంటే ఒక స్కాన్, అంతకంటే ఎక్కువ సేపు పడితే పీఎల్‌సీని ఆపే టైమర్) కూడా ఓ కంట కనిపెట్టుకోవాలి.

దీనికో నష్టం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. రాత్రి రెండింటికి మోటార్ 7 స్టార్ట్ కావట్లేదని షిఫ్ట్ ఎలక్ట్రీషియన్ లాప్‌టాప్ పెట్టి చూస్తాడు. కాపీ పేస్ట్ లాడర్ అయితే ఆ రంగ్ (లాడర్‌లో ఒక వరుస) దగ్గరికెళ్ళి ఏ కాంటాక్ట్ పచ్చగా లేదో చూసి ఐదు నిమిషాల్లో తేల్చేస్తాడు. లూప్ అయితే స్క్రీన్ మీద కనిపించేది ఇరవయ్యో మోటార్ విలువలా, ఇంకేవైనానా తెలీదు, తల పట్టుకుని నాకు ఫోన్ చేస్తాడు. ఎఫ్‌బీ ఫర్వాలేదు, ఏ కాల్‌ది మానిటర్ చేయాలో ఎంచుకోవచ్చు. అందుకే నా వరకు ఎఫ్‌బీలకి ఎప్పుడూ ఓటు, ఇండెక్స్ లూపులకి మాత్రం అవసరం పడితేనే, అది కూడా రన్ అవర్స్, అలారం కాపీ లాంటి ఎవరూ డీబగ్ చేయని పనులకే. ఇంటర్‌లాకులు (ప్రమాదం రాకుండా మోటార్‌ని ఆపే షరతులు) లూపులో పెట్టొద్దు.

డేటా తగ్గించడం

ఎస్7-1200లో కోడ్, డేటా ఒకే కుండలోంచి తింటాయి కాబట్టి డేటా తగ్గిస్తే కోడ్‌కి చోటు దొరుకుతుంది, పైగా ఇది కోడ్ తగ్గించడం కంటే చాలా ఈజీ, లాజిక్ ముట్టుకోనక్కర్లేదు. మొదట చూడాల్సింది స్ట్రింగ్. టీఐఏలో ఊరికే స్ట్రింగ్ అని టైప్ చేస్తే 256 బైట్లు పడుతుంది, లోపల "పంప్ 1" అని రాసినా సరే. నలభై మోటార్ల పేర్లు పెడితే 10,240 బైట్లు, 50 కేబీ 1211సీ అయితే ఐదో వంతు పేర్లకే సరి. 16 అక్షరాల స్ట్రింగ్ అని సైజు చెప్పి డిక్లేర్ చేస్తే ఒక్కోటి 18 బైట్లు, మొత్తం 720. ఇంకా మాట్లాడితే ఆ పేర్లు పీఎల్‌సీలో ఎందుకు, హెచ్‌ఎంఐలో (ఆపరేటర్ టచ్ స్క్రీన్) టెక్స్ట్ లిస్ట్ పెట్టి నంబర్ పంపిస్తే చాలు.

రెండోది పైన నా కోల్డ్ స్టోరేజ్ కథ, రియల్ అవసరం లేని చోట ఇంట్. మూడోది "ఎందుకైనా మంచిది" అని 1000 పెట్టిన అర్రే, వాడేది 50.

రిటెంటివ్ నిండితే మాత్రం ఇవేవీ కాదు. ఆప్టిమైజ్డ్ యాక్సెస్ అనే సెట్టింగ్ ఉన్న డీబీలో ఒక్కో ట్యాగ్‌కి విడిగా రిటెయిన్ టిక్ పెట్టుకోవచ్చు, ఆప్టిమైజ్డ్ తీసేసిన డీబీలో పెడితే మొత్తం డీబీ రిటెయిన్ అవుతుంది, లేకపోతే మొత్తం కాదు. మోడ్‌బస్ కోసం ఆప్టిమైజ్డ్ తీసేసిన పెద్ద డీబీలోనే నాలుగు సెట్‌పాయింట్లు కూడా పెట్టి, ఆ నాలుగింటి కోసం మొత్తాన్ని రిటెయిన్ చేసి పరిమితి దాటించేస్తుంటారు. ఆ నాలుగింటినీ వేరే డీబీకి మార్చండి, ఐపోయింది.

రాక్‌వెల్ లాజిక్స్ కంట్రోలర్లు వాడేవాళ్ళకి ఒక్క ముక్క: అక్కడ విడిగా చేసిన ఒక్కో బూల్ (ఆన్/ఆఫ్) ట్యాగ్ డేటాకే 4 బైట్లు తీసుకుంటుంది, డింట్‌లో (32 బిట్ల పూర్ణాంకం) బిట్లుగా పెడితే 32 బూల్స్ అదే 4 బైట్లలో పడతాయి. మామూలు స్ట్రింగ్ 88 బైట్లు. యూడీటీలో (మనమే తయారుచేసుకున్న డేటా టైపు) బూల్స్ అన్నీ పక్కపక్కన పెట్టండి, మధ్యలో వేరే టైపులు దూరిస్తే ప్యాకింగ్ చెడిపోతుంది.

డేటాని బయటికి పంపడం

రెసిపీలు (ఒక్కో ప్రోడక్ట్‌కి వాడే సెట్టింగులు), లాగులు, ట్రెండులు ఉన్న మెషీన్లకి ఇదే అసలైన దారి అని నా అభిప్రాయం. 60 రెసిపీలు, ఒక్కోదాంట్లో 40 రియల్స్ అంటే 9600 బైట్లు, కానీ ఏ క్షణానైనా నడిచేది ఒక్క రెసిపీయే, దానికి కావాల్సింది 160 బైట్లు. మిగతా 59 వర్క్ మెమరీలో ఊరికే కూర్చుని ఏం చేస్తున్నట్టు?

సీమెన్స్‌లో డీబీ ప్రాపర్టీస్‌లో లోడ్ మెమరీలో మాత్రమే దాచు అనే ఆప్షన్ ఉంటుంది, అది పెట్టి రీడ్_డీబీఎల్‌తో కావాల్సిన రెసిపీని పైకి తెచ్చుకోవచ్చు. ఇది ఒక్క స్కాన్‌లో అయిపోయే పని కాదు, బిజీ బిట్ పడిపోయేదాకా ఆగాలి, ఆగకుండా మెషీన్ స్టార్ట్ ఇస్తే సగం పాత రెసిపీ సగం కొత్త రెసిపీతో నడుస్తుంది. తిరిగి రాయడానికి రిట్_డీబీఎల్ ఉంది, దాన్ని ఆపరేటర్ సేవ్ నొక్కినప్పుడు మాత్రమే పిలవండి, ప్రతి స్కాన్‌కీ పిలిచారంటే ఫ్లాష్ రాతలకి ఉన్న పరిమితి తొందరగా అయిపోయి సీపీయూనే పోతుంది. లాగులకి డేటాలాగ్ బ్లాకులు ఉన్నాయి, సీఎస్‌వీ ఫైలుగా లోడ్ మెమరీలో పడుతుంది, ఇక్కడ మెమరీ కార్డ్‌కి నిజంగా పని ఉంది. లాగ్ పెట్టే ఉద్దేశం ఉంటే కార్డ్ మీదే పెట్టండి, అరిగితే కార్డ్ మార్చుకుంటాం, సీపీయూ లోపలి ఫ్లాష్ అరిగితే ఏం మారుస్తాం.

ఇంకో దారి హెచ్‌ఎంఐ రెసిపీలు. పీఎల్‌సీ మీద భారం దాదాపు ఉండదు, ఆపరేటర్‌కి స్క్రీన్ మీద పేరుతో కనిపిస్తుంది, రాయడం కూడా తక్కువ. కానీ హెచ్‌ఎంఐ పోతే రెసిపీలు కూడా దాంతోనే పోతాయి, ఆ టచ్ స్క్రీన్లు తడి చేతులకీ దుమ్ముకీ పీఎల్‌సీ కంటే ముందే పోతాయన్నది అందరికీ తెలిసిందే. యూఎస్‌బీలో బ్యాకప్ తీసే అలవాటు ఉన్న ప్లాంట్ అయితే హెచ్‌ఎంఐ, లేకపోతే లోడ్ మెమరీ.

మిత్సుబిషి ఎఫ్‌ఎక్స్3యూలో ఈ బాధ తక్కువే, ఆర్0 నుంచి ఆర్32767 దాకా రిజిస్టర్లు ఇచ్చారు, స్టెప్పులు తినవు. అయితే అవి బ్యాటరీ మీద బతుకుతాయి, ఎం8005ని (బ్యాటరీ తగ్గిందని చెప్పే బిట్) అలారంలో కలపకపోతే ఏదో ఒక పండగ సెలవు తర్వాత రెసిపీలన్నీ సున్నాలుగా కనిపిస్తాయి.

సీపీయూ మార్చడం

ఒకే కుటుంబంలో ఒక మెట్టు పైకి వెళ్ళడం అన్నిటికన్నా తేలిక. 1212సీ నుంచి 1214సీకి వెళ్తే కనీసం 25 కేబీ పెరుగుతుంది, 14 డీఐ (డిజిటల్ ఇన్‌పుట్లు), 10 డీఓ (డిజిటల్ అవుట్‌పుట్లు) వస్తాయి, పక్కన రెండు కాకుండా ఎనిమిది సిగ్నల్ మాడ్యూళ్ళు తగిలించుకోవచ్చు, ప్రోగ్రాంలో డివైస్ మార్చి కంపైల్ చేస్తే చాలు. ప్యానెల్లో మాత్రం టేప్ పెట్టి చూడండి, 1212సీ వెడల్పు 90 మిల్లీమీటర్లు, 1214సీ 110, 1215సీ 130. డక్ట్‌కీ టెర్మినళ్ళకీ మధ్య ఇరికించి కట్టిన ప్యానెల్లో ఆ 20 మిల్లీమీటర్ల కోసం సగం వైరింగ్ విప్పాల్సి వస్తుంది. పాత స్టాక్ గానీ సెకండ్ హ్యాండ్ గానీ కొంటుంటే ఆర్డర్ నంబర్ చదవండి, 1214సీ అనే పేరు మీదే 1ఏజీ31 అయితే 75 కేబీ, 1ఏజీ40 అయితే మొదటి వెర్షన్లలోనే 100 కేబీ. పేరు చూసి కొని మోసపోవద్దు.

1217సీ దాకా వెళ్ళాలి అనిపిస్తే అక్కడ ఆగి 1511 వైపు ఓసారి చూడండి. ఎస్7-1500లో కోడ్‌కి, డేటాకి వేరు వేరు గిన్నెలు, మొదట వచ్చిన 1511లో కోడ్‌కి 150 కేబీ, డేటాకి 1 ఎంబీ. అప్పటి 1217సీలో రెంటికీ కలిపి 150. కాబట్టి డేటా బరువున్న ప్రాజెక్టుకి 1500 ఒక లెవెల్ పైన, కోడ్ బరువున్నదానికి ఈ రెండింటి మధ్య మెమరీ పరంగా పెద్ద తేడా లేదు. 1500లో మెమరీ కార్డ్ లేకుండా సీపీయూ నడవదు, అది కూడా బిల్లులో కలుపుకోండి, ఐఓ కార్డులు కూడా వేరే, అంటే ప్యానెల్ కొత్తగా కట్టినట్టే.

డెల్టాలో ఎస్‌ఎస్2 అయితే 8000 స్టెప్పులు, 5000 డీ రిజిస్టర్లు, ఎస్‌ఏ2 లేదా ఈఎస్2కి వెళ్తే 16000, 10000. అదే సాఫ్ట్‌వేర్, అదే ప్రోగ్రాం, ఐఓ సరిపోతుందో లేదో చూసుకుని మార్చేయొచ్చు. మిత్సుబిషిలో ఎఫ్‌ఎక్స్3 నుంచి ఎఫ్‌ఎక్స్5యూకి వెళ్ళడం అంత నున్నగా ఉండదు, కనీసం 64000 స్టెప్పులు, కామెంట్లకి విడిగా చోటు, అన్నీ బాగానే ఉంటాయి గానీ జీఎక్స్ వర్క్స్3లోకి మార్చాక స్పెషల్ రిలేలు, అనలాగ్, పొజిషనింగ్ అన్నీ ఒక్కొక్కటే చెక్ చేసుకోవాలి.

మరి ఏది ఎంచుకోవాలి

నేను అడిగే మొదటి ప్రశ్న: ఇది ఒక్క ప్యానెలా, ముప్పై ప్యానెళ్ళా? ఒక్కటే అయితే, డేటా సర్దే పని ఒక పూటలో అయిపోతే చేస్తా, కాకపోతే పెద్ద సీపీయూ వేసేస్తా, ఎందుకంటే నా రెండు రోజుల టైము, మళ్ళీ మొత్తం టెస్ట్ చేసే రిస్కు కలిపితే సీపీయూ ధర తేడా చిన్నదే. అదే మెషీన్ తయారుచేసే కంపెనీకి ఏడాదికి ముప్పై ప్యానెళ్ళు ఇచ్చే పనైతే వారం కూర్చునైనా కోడ్ తగ్గిస్తా, ఆ వారం కష్టం ముప్పై సార్లు తిరిగొస్తుంది.

రెండోది, ప్లాంట్ ఇప్పటికే నడుస్తోందా? నడుస్తుంటే కోడ్ తిరగరాయడం నా దృష్టిలో ఆఖరి ఆప్షన్, ఫార్మా ప్లాంట్ అయితే అసలు ఆప్షనే కాదు, లాజిక్ మారితే వ్యాలిడేషన్ పేపర్లన్నీ మళ్ళీ మొదలు. అక్కడ స్ట్రింగులూ అర్రేలూ కుదించడం లేదా లాగుల్ని బయటికి పంపడం వరకే ఆగిపోతా, అది కూడా చేంజ్ కంట్రోల్ పేపర్ మీద సంతకం పడ్డాకే. రెండో పీఎల్‌సీ పెట్టి పని పంచడం కూడా కొందరు చెప్తారు, దూరంగా ఉన్న వేరే ఏరియా అయితే సరే, ఒకే మెషీన్‌లో అయితే కమ్యూనికేషన్ పోయినప్పుడు రెంటిలో ఏది ఏం చేస్తోందో తెలియని పరిస్థితి కొనితెచ్చుకోవడమే.

కొత్త కొటేషన్ రాసేటప్పుడైతే నేను ఇప్పుడు 1211సీ రాయడమే మానేశా. ఎఫ్‌ఏటీ (ఫ్యాక్టరీ యాక్సెప్టెన్స్ టెస్ట్) రోజుకి వర్క్ మెమరీలో కనీసం మూడో వంతు ఖాళీ ఉండేలా సీపీయూ ఎంచుకుని, ఆ రోజు రిసోర్సెస్ ట్యాబ్ ప్రింట్ తీసి ప్యానెల్ తలుపు లోపలి పాకెట్‌లో డ్రాయింగులతో పాటు పెడతా. రెండేళ్ళకి ఎవరో వచ్చి ఇంకో ఫీచర్ అడిగితే లాప్‌టాప్ తెరవకముందే చోటుందో లేదో తెలుస్తుంది.

ఒక్కోసారి ఇవేవీ కావు. ఒక పాత ఎఫ్‌ఎక్స్1ఎస్ మెషీన్, 2000 స్టెప్పులే, నిండుగా ఉంది, రాసినాయన ఎక్కడున్నాడో తెలీదు, ఓనర్‌కి కావాల్సింది కన్వేయర్ ఆగాక ఇంకో ఎనిమిది సెకన్లు బ్లోయర్ తిరగడం. ప్యానెల్లోని డిన్ రైల్ మీద ఒక ఆఫ్ డిలే టైమర్ బిగించి రెండు వైర్లు లాగి ఇచ్చేసి వచ్చా, ప్రోగ్రాం జోలికే పోలేదు.